పిల్లికి హాస్టల్ సీటు

పిల్లిని ఇంకొకరి చేతిలో పెట్టి పోషణ ఖర్చులు భరించడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. ఎలుకల బెడద తీర్చడానికి రాయలవారు ఇంటికో పిల్లినీ, దాని పాలకోసం ఓ ఆవునూ ఇప్పించారనీ, తెనాలి రామకృష్ణుడు పాలన్నీ తానే తాగేసి పిల్లికి మాత్రం ఒక్కసారి మూతి కాలే పాలు పోసి ఊరుకున్నాడనీ చిన్నప్పుడు అందరం విన్న కథే. తనిఖీ రోజున ఆ పిల్లి పాలగిన్నె చూడగానే పరుగో పరుగు. సీసీ కెమెరాలు లేని కాలం కాబట్టి వికటకవి బతికిపోయాడు. అదే పని ఇవాళ కొండాపూర్‌లో చేస్తే సాయంత్రానికల్లా ఒక్క స్టార్ రేటింగు పడుతుంది, కింద నాలుగు పేరాల తిట్లు కూడా.

సంక్రాంతి వచ్చిందంటే హైదరాబాద్‌లో మూడు చోట్ల సీట్లు దొరకవు. విజయవాడ బస్సుల్లో, గోదావరి జిల్లాల రైళ్లలో, పిల్లుల బోర్డింగుల్లో. మొదటి రెండింటికీ స్పెషల్ సర్వీసులు వేస్తారు. మూడోదాని గురించి ఏ ప్రభుత్వమూ ఇంతవరకూ నోరు విప్పలేదు. పండగ నెల మొదలయ్యాక ఫోన్ చేస్తే మియాపూర్ నుంచి మణికొండ దాకా ఒకటే జవాబు: "సారీ అండీ, భోగి నుంచి ఫుల్." పైగా కనుమ నాడు కాకైనా కదలదంటారు. కాకే కదలనప్పుడు కుటుంబం కారెక్కి ఎలా కదులుతుంది? ముక్కనుమ కూడా కానిచ్చుకుని, పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరి, ఇంటికి చేరేసరికి ఇంకో రాత్రి అద్దె పడుతుంది. ఊళ్లో పశువుల కొమ్ములకు రంగులు పూసి దండం పెట్టే రోజున, మన ఇంట్లో ఉన్న ఒకే ఒక్క జంతువు నిజాంపేటలో అద్దె గదిలో ఉంటుంది. పిల్లి ఎదురైతే వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి బయల్దేరే జాతి మనది. ఇప్పుడు ఆ పిల్లినే ముందు కారెక్కించి ప్రయాణం మొదలుపెడుతున్నాం. దీన్ని ఏ శకునం కింద రాసుకోవాలో పండితులు వెంటనే తేల్చాలి.

మా పై ఫ్లాటాయనకు 6 కిలోల పర్షియన్ పిల్లి ఉంది. పేరు లడ్డు. ఆయనకు కారుంది, నాకు ఖాళీ ఉంది కాబట్టి బోర్డింగుల తనిఖీకి నేనూ వెంట వెళ్లాను. ఆయన గదిలోకి వంగి గోడలు తట్టి చూశారు. నేల మీద మోకాళ్ల మీద కూర్చుని, పిల్లి కళ్లకు ఏం కనబడుతుందో ఆ ఎత్తు నుంచి చూశారు. "కుక్కలు ఎటువైపు? మొరుగుడు ఇక్కడికి వినబడుతుందా? కిటికీ ఉందా? ఎక్కి కూర్చోడానికి అర ఏదండీ? ఒక గదిలో ఎంతమందిని పెడతారు? మొదటిరోజు తినకపోతే ఏం చేస్తారు? రాత్రి మనిషి ఉంటాడా? డాక్టరు ఎంత దూరం?" బోర్డింగు నడిపే అమ్మాయి ఓపిగ్గా అన్నిటికీ జవాబు చెప్పి, ఆయన చేతిలో మూడు పేజీల ఫారం పెట్టింది.

నవ్వులాట కాదు, ఆయన అడిగినవన్నీ అడగాల్సినవే. పిల్లి మనిషి కంటే ఇంటిని ఎక్కువ నమ్ముకుంటుంది. బుగ్గలు రాసి రాసి తన వాసన పట్టించిన గోడలూ సోఫాలూ లేనిచోట దానికి దిక్కు తోచదు, ముందు తిండి మానేస్తుంది. రెండు మూడు రోజులు ముద్ద ముట్టకపోతే, అందులోనూ ఒళ్లున్న పిల్లి అయితే, కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికి వస్తుంది. మగపిల్లులకు టెన్షన్‌తో మూత్రం ఆగిపోవడం కూడా ఉంది, అది మర్నాటిదాకా ఆగే జబ్బు కాదు. ఇక అంటుజబ్బుల భయం ఒకటి, దాంతో మంచి బోర్డింగు వాళ్లు ట్రైక్యాట్ (పిల్లుల మూడు జబ్బులకు కలిపి వేసే టీకా), రేబిస్ టీకాల కార్డు చూడందే గుమ్మం ఎక్కనివ్వరు. టీకా పనిచేయడానికి టైం పడుతుంది కాబట్టి ముందురోజు పొడిపించుకుని వస్తే చెల్లదు. అలవాటైన తిండి, అలవాటైన లిట్టరు (పిల్లి మలమూత్రాలకు పళ్లెంలో పోసే ఇసుక లాంటిది), ఉతకని దుప్పటి ఒకటి తెమ్మంటారు. ఉతికి ఇస్త్రీ చేసి తెస్తే ఇంటి వాసన పోతుంది, తెచ్చీ దండగ.

ఇదే పెద్దమనిషి కొడుకుని ఇంటర్ ఎంపీసీకి రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చిన రోజున కూడా నేను వెంట ఉన్నాను. అక్కడ ఆయన మోకాళ్ల మీద కూర్చోలేదు. గది చూపిస్తామంటే "ఎందుకులెండి" అన్నారు. అడిగిన ప్రశ్న ఒక్కటే: "పోయినేడు ఎన్ని ర్యాంకులొచ్చాయి?" గదికి ఎనిమిది మంచాలు, పుస్తకాల పెట్టెలు అడ్డంగా పెట్టడంతో కిటికీ ఉందో లేదో మంచాలకే తెలియాలి. పిల్లాడు అన్నం తినకపోతే అని తల్లి గొణిగితే వార్డెన్ "అలవాటు పడతాడమ్మా" అన్నాడు. అందరం తలలూపాం. లడ్డు వీడియో మాత్రం పొద్దునా సాయంత్రం వాట్సాప్‌లో రావాలి, పది నిమిషాలు ఆలస్యమైతే ఊళ్లో అరిసెల పాకం దగ్గర కూర్చున్న కుటుంబం మొత్తం ఆందోళన చెందుతుంది. పిల్లాడి వంతు ఆదివారం, వార్డెన్ ఫోన్ దగ్గర క్యూలో నిలబడితే దక్కే ఐదు నిమిషాలు. "బాగోలేదు నాన్నా" అని వాడంటే "రెండేళ్లు కళ్లు మూసుకోరా, లైఫ్ సెట్" అని ఈయన అనేసరికి వెనకవాడి వంతు వచ్చేస్తుంది.

చట్టం ఏమంటుందో కూడా చూశాను, బాధ్యత గల పౌరుణ్ణి కదా. ప్రాణిని సరిగా కదలడానికి చాలని బోనులో ఉంచడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం, 11వ సెక్షన్ ప్రకారం నేరం. మొదటిసారైతే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా. నిజాంపేటలో ఒక్క రాత్రి అద్దెతో ఆ జరిమానా ఎన్నిసార్లయినా కట్టొచ్చు. అయితే ఆ చట్టం రాసినవాళ్లు చాలా జాగ్రత్తపరులు. జంతువంటే మనిషి తప్ప మిగతా ఏ ప్రాణైనా సరే అని రెండో సెక్షన్‌లోనే తేల్చేశారు. ఎంపీసీ వాళ్లకు అక్కడితో దారి మూసుకుపోయింది.

పిల్లిని అసలు కదపకుండా ఇంట్లోనే ఉంచి, రోజూ ఎవరైనా వచ్చి తిండి పెట్టి, లిట్టరు తీసి, కాసేపు ఆడించి వెళ్లడం దానికి హాయి. డాక్టర్లు చెప్పేదీ అదే. ఆయనకూ ఈ సంగతి తెలుసు. కాకపోతే దానికి ఇంటి తాళం ఎవరికో ఇవ్వాలి. పిల్లినంటే నమ్మి ఇవ్వగలం, బీరువా ఉన్న ఇంటి తాళం ఎలా ఇస్తాం?

భోగి ముందురోజు కొడుకు సెలవులకు వచ్చాడు. ఊరు వెళ్లడానికి బ్యాగులన్నీ హాల్లో ఉన్నాయి. తండ్రి సోఫాలో కూర్చుని ఆ మూడు పేజీల ఫారంలో "స్వభావం" అన్న గడి దగ్గర ఆగి ఆలోచిస్తున్నారు. పిల్లాడు పక్కనున్న రేట్ల కార్డు తీసి చదివాడు. గదికి ఒక్కరే. కిటికీ. మధ్యాహ్నం నిద్రకు భంగం లేకుండా లైట్లు తగ్గించబడును. తినకపోతే వెంటనే ఇంటికి ఫోన్.

"నాన్నా, వీళ్లు ఎంపీసీ వాళ్లని తీసుకుంటారా?"

ఆయన తలెత్తకుండానే జవాబిచ్చారు. "అక్కడ స్టడీ అవర్స్ ఉండవురా."