ఫ్యాన్‌షా గారి పదిహేడు అక్షరాలు

ఇంగ్లీషువారి ఇంటిపేర్లకు పరువు కట్టే పద్ధతి మహా శాస్త్రీయమైనది. రాసే అక్షరాలెన్నో లెక్కపెట్టి, అందులోంచి నోటికి పనికొచ్చేవి తీసేయాలి. మిగిలిందంతా పరువే. ఈ లెక్కన స్మిత్ కడుపేద. ఉన్న అయిదక్షరాలూ వాడేసుకుంటాడు, వెనకేసుకున్నది ఏమీ ఉండదు. ఛోల్మండెలీ అని రాసి ‘చమ్లీ’ అని పిలిపించుకునేవారు కాస్త కలిగినవారు. మార్జోరీబ్యాంక్స్ అని రాసి ‘మార్చ్‌బ్యాంక్స్’ అనేవారూ ఫరవాలేదు. వీరందరినీ తలదన్నే ఇంటిపేరు ఒకటుంది. ఎఫ్, ఈ, ఏ, టీ, హెచ్, ఈ, ఆర్, ఎస్, టీ, ఓ, ఎన్, ఈ, హెచ్, ఏ, యూ, జీ, హెచ్. మొత్తం 17. చూసి చదివితే ఫెదర్‌స్టన్‌హా. పిలవాల్సింది మాత్రం ఫ్యాన్‌షా.

మిగతా అక్షరాలు ఎందుకు దండగ అని అడిగేవారికి లోకజ్ఞానం తక్కువ. అవి కాపలాకి పెట్టినవి. కొత్తగా వచ్చినవాడు కాగితం చూసి ఉన్నదున్నట్టు చదివాడా, వాడు మనవాడు కాదని గుమ్మంలోనే తేలిపోతుంది. సరిదిద్దనక్కర్లేదు. ఒక కనుబొమ్మ రవ్వంత పైకి లేపి, చెవిలో చెప్పినట్టు ‘ఫ్యాన్‌షా’ అంటే చాలు. పైగా ఈ కాపలాకి రెండో వరస కూడా ఉంది. ఆ ఇంటిపేరువాళ్ళందరూ ఫ్యాన్‌షా అనరు. కొందరు ఫెస్టన్‌హా అంటారు, కొందరు ఫీసన్‌హే అంటారు, ఇంకొందరు కక్షకట్టినట్టు నిజంగానే ఫెదర్‌స్టన్‌హా అంటారు. అంటే నేర్చుకొచ్చినవాడు కూడా దొరికిపోతాడు. పోనీ చెవికి వినిపించినట్టు ఫ్యాన్‌షా అనే రాసేద్దామా అంటే, ఆ పేరుతో డార్బీషైర్ నుంచి వచ్చిన వేరే వంశమే ఉంది. శుభలేఖ వాళ్ళింటికి పోతుంది.

ఇంత పహరా మధ్య దాచిన అర్థం ఏమై ఉంటుందా అని ఆశపడడం సహజం. ఇంగ్లండ్ ఉత్తరపు కొసన నార్తంబర్లండ్‌లో, హాల్ట్‌విజిల్ అనే చిన్న ఊరి పక్కన, సౌత్ టైన్ ఏటి ఒడ్డున ఫెదర్‌స్టన్ కోట ఉంది. ఈ ఇంటిపేరుకి పుట్టిల్లు అదే. అందులోని ఫెదర్‌కి ఈకతో సంబంధం లేదు. పాత ఇంగ్లీషులో అది నాలుగుకి వాడే మాట. స్టన్ అంటే రాయి. మూడు రాళ్ళు నిలబెట్టి పైన నాలుగోది పడుకోబెట్టిన పాతకాలపు కట్టడం అక్కడ ఉండేదని పండితుల ఊహ. చివరి హా అంటే ఏటి పక్కన చదునుగా పడి ఉండే మెత్తటి నేల. అన్నీ కలిపితే, ‘నాలుగు రాళ్ళ దగ్గరి ఏటిగట్టువారు’. మన రాళ్ళపల్లివారు ఇదే ముడిసరుకుతో, ఉన్న అక్షరాలన్నీ పలుకుతూ, ఎవరినీ గుమ్మంలో నిలబెట్టకుండా కాపురాలు చేసుకుంటున్నారు. అందుకే వారి ఇంటిపేరుకి విదేశాల్లో రావాల్సినంత గుర్తింపు రాలేదు.

అర్థం పలచగా ఉన్నప్పుడు చరిత్ర కాస్త చిక్కగా కలుపుకోవాలి. ఈ పనిలో డరమ్‌కి చెందిన చరిత్రకారుడు రాబర్ట్ సర్టీస్ చేసిన సేవ మరువరానిది. 1530లో ఆల్బనీ ఫెదర్‌స్టన్‌హాని రిడ్లీ వర్గంవాళ్ళు చంపడం నిజంగా జరిగింది. దానిమీద ఒక ప్రాచీన జానపద గేయం దొరికిందనీ, ఆల్‌స్టన్ మూర్ గనుల దగ్గర ఎనభయ్యేళ్ళ అవ్వ పాడగా రాసుకున్నదనీ ఆయన కవి వాల్టర్ స్కాట్‌కి పంపించాడు. స్కాట్ మురిసిపోయి 1808లో తన కావ్యం వివరణల్లో దాన్ని అచ్చేశాడు. అవ్వా లేదు, ఆవిడ పాడిందీ లేదు. పాట మొత్తం సర్టీస్ సొంత అల్లిక. 1834లో ఆయన పోయాకగాని లోకానికి తెలియలేదు. వంశచరిత్రలు కావాలనుకునేవారు ఇక్కడ నేర్చుకోవాల్సింది ఒక్కటే: సాక్షిని ముసలిదాన్ని చెయ్యాలి, ఊరిని దూరంగా పెట్టాలి.

ఇక రక్తం సంగతి. ఈ వంశంవారికి తల తెగిన ఘనత కూడా ఉంది. ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో రాజు పక్షాన నిలిచి పట్టుబడ్డ సర్ తిమొతీని 1651లో చెస్టర్‌లో శిరచ్ఛేదం చేశారు. కానీ పేరు అసలు రుచి తెలియాలంటే దక్షిణాన ససెక్స్‌లోని అప్‌పార్క్ భవనానికి పోవాలి. అక్కడి శాఖ మొదటి ఏ, మధ్యలో ఈ వదిలేసుకుని 15 అక్షరాలతో పొదుపుగా బతికింది. 1747లో సర్ మాథ్యూ ఆ భవనం కొన్నాడు. ఆయన కొడుకు సర్ హ్యారీ కుర్రతనంలో ఎమ్మా అనే పిల్లని తెచ్చిపెట్టుకుని, గర్భవతి అయ్యాక పొమ్మన్నాడు. ఆవిడే తర్వాత బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ ప్రియురాలిగా పేరుకెక్కిన లేడీ హామిల్టన్ అయింది. డెబ్బై దాటాక, 1825లో, సర్ హ్యారీ తన పాలకొట్టంలో పనిచేసే ఇరవయ్యేళ్ళ మేరీ ఆన్ బుల్లక్‌ని పెళ్ళిచేసుకున్నాడు. బుల్లక్ అంటే సాక్షాత్తూ ఎద్దు. ఒక్క పెళ్ళితో అమ్మాయి పశువుల కొట్టం నుంచి నాలుగు రాళ్ళ దగ్గరికి ఎదిగింది.

ఆయనకి పిల్లల్లేరు. 1846లో ఆయన పోయాడు, ఆస్తి భార్యకి వచ్చింది. 1874లో ఆవిడ పోయింది, ఆస్తి చెల్లెలు ఫ్రాన్సెస్ బుల్లక్‌కి వచ్చింది. ఆ చెల్లెలు ఆస్తితోపాటు ఇంటిపేరు కూడా పుచ్చుకుంది. తర్వాత టర్నర్ అనే కర్నల్ వచ్చి, టర్నర్ పక్కన అడ్డగీత గీసి పేరు తగిలించుకున్నాడు. ఆయన తర్వాత మీడ్ అనే అడ్మిరల్ వచ్చి అదే గీత గీశాడు. రక్తం చుక్క లేకపోయినా, భవనంలో కుర్చీలు బల్లలతోపాటు ఇంటిపేరు కూడా జాబితాలో ఉంటుంది. ఎవరికి తాళాలిస్తే వాళ్ళది. దత్తత వెళితే ఇంటిపేరు మారుతుందని తెలిసిన మనవాళ్ళకి ఇది వింతేమీ కాదు. వింతల్లా ఏమిటంటే, ఇలా వచ్చినవారు కూడా తప్పు పలికినవారికేసి కనుబొమ్మ లేపడం వెంటనే నేర్చేసుకుంటారు.

ఈ పేరుకి జరిగిన అసలైన సన్మానం 1848లో. ఫ్రాన్సు రాజు లూయీ ఫిలిప్ సింహాసనం వదిలి పారిపోతున్నాడు. లె హావ్ర్ రేవులో బ్రిటిష్ కాన్సల్ జార్జ్ విలియం ఫెదర్‌స్టన్‌హా. 16 అక్షరాల శాఖ. అంతకుముందు అమెరికా ప్రభుత్వానికి భూగర్భశాస్త్రవేత్తగా పనిచేసినవాడు, రాళ్ళు వీరికి అచ్చొచ్చినట్టే ఉంది. రాజు చెంపల మీసాలు గీయించి, కళ్ళద్దాలు పెట్టించి, తన మేనమామ అని చెప్పి ఓడ ఎక్కించేశాడు. మామగారికి పెట్టిన పేరు విలియం స్మిత్. ప్రాణంమీదికి వచ్చినప్పుడు ఏ ఇంటిపేరు పనికొస్తుందో ఆయనకన్నా బాగా తెలిసినవారు ఎవరుంటారు?

పేరుకి తగిన వంశముద్ర కప్పుమీద వేసిస్తామనే దుకాణాలు బోలెడున్నాయి. 1484 నుంచి ఇంగ్లండ్‌లో ఈ ముద్రల పద్దు రాసే కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ మాత్రం ముద్ర మనిషికీ వాడి వారసులకీ తప్ప ఇంటిపేరుకి ఉండదని చెబుతూనే ఉంది. కప్పు టీకి పనికొస్తుంది.

రికార్డుల్లో వెతికేవారికి చిక్కులు వేరు. ఇంగ్లండ్, వేల్స్ జనన మరణ వివాహాల పద్దు 1837 జులై 1న మొదలైంది. గుమాస్తాలు విన్నది రాసేవారు. కాబట్టి 17, 16, 15 అక్షరాల రూపాలూ, తోక తెగిన ఫెదర్‌స్టన్‌లూ అన్నీ విడివిడిగా వెతకాలి. ధ్వనిని బట్టి పేర్లను జతచేసే సౌండెక్స్ పద్ధతిని నమ్ముకుంటే బోల్తా పడతారు. పొడుగు రూపాలన్నిటికీ అది ఎఫ్ 362 అని అంకె వేస్తుంది, ఫ్యాన్‌షాకి ఎఫ్ 520 అంటుంది. మొదటక్షరం పోను మూడు హల్లులు చూసి ఆగిపోయే యంత్రానికి కనుబొమ్మ లేపితే అర్థం కాదుగా.

ఇంతా చదివి ఈ పేరు మీద మనసు పడ్డ లండన్ తెలుగువారు నిరాశపడనక్కర్లేదు. అక్కడ పదహారు నిండిన ఎవరైనా డీడ్ పోల్ రాసుకుని ఇంటిపేరు మార్చుకోవచ్చు. పాత పేరు వదిలేస్తున్నట్టు, కొత్తది అన్నిటా వాడుతున్నట్టు రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట రెండు పేర్లతోనూ సంతకం చేస్తే సరి. ఇక్కడ న్యూమరాలజీ పండితుడికి డబ్బిచ్చి పేరులో అదనంగా ఒక ఏ, రెండు ఈలు ఇరికించుకునేవారికి ఇది మంచి బేరం. ఒకే కాగితంతో పదికి పైగా పలకని అక్షరాలు దక్కుతాయి. ఎటొచ్చీ సంతకానికి ముందే ఏ శాఖలో చేరుతున్నారో తేల్చుకోండి. తొందరలో ఒక ఈ జారిపోతే బ్యాంకులో ఒక వంశం, పాస్‌పోర్టులో ఇంకో వంశం అవుతాయి. అప్పుడు మళ్ళీ కొత్త కాగితం, మళ్ళీ ఇద్దరు సాక్షులు.