నింజాకు కోడ్ నంబరు లేదు

విదేశాలకు వలస వెళ్లేవారి దరఖాస్తులో ఇంగ్లిషు పరీక్ష, బ్యాంకు నిల్వ, పోలీసు ధ్రువపత్రం వంటివాటికి భయపడని వారుండరు గానీ, వృత్తి అనే చిన్న గడిని చూసి భయపడినవారిని నేను చూడలేదు. మా మిత్రుడు కూడా భయపడలేదు. అతను సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. ఆరేళ్లుగా ఒకే సంస్థలో, ఇంచుమించు ఒకే కుర్చీలో కూర్చుని ప్రోగ్రాములు రాస్తున్నవాడు. కాకపోతే, సాఫ్ట్‌వేర్ ఇంజినీరు అన్న హోదా మరీ పాతబడిపోయిందని భావించిన ఆ సంస్థవారు దాన్ని ఎప్పుడో ఎత్తేశారు. నింజాలంటే పూర్వం జపాన్‌లో రహస్యంగా సంచరించిన గూఢచారి యోధులు. అక్కడ కొత్తగా చేరినవారు కోడ్ నింజాలు, కాస్త అనుభవం గడించినవారు సీనియర్ కోడ్ నింజాలు, వీరందరినీ అదిలించేవారు నింజా లీడ్‌లు. నియామక పత్రం నుంచి మెడలో వేలాడే గుర్తింపు కార్డు వరకూ ప్రతిచోటా మా వాడు సీనియర్ కోడ్ నింజాయే. అన్నాళ్లూ ఆ హోదా వల్ల అతనికి నష్టమేమీ జరగలేదు, చిన్నపిల్లల ముందు కొంత గౌరవం కూడా దక్కింది.

అయితే వలస శాఖలవారు చిన్నపిల్లలు కారు. లోకంలో ఉన్న వృత్తులన్నింటికీ ప్రభుత్వాలు నంబర్లు వేసి పెట్టుకున్నాయి. కెనడావారి నాక్ అనే జాతీయ వృత్తుల పట్టికలో అయిదంకెల కోడ్‌లుంటాయి, సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, డిజైనరు అయితే 21231, డెవలపరు, ప్రోగ్రామరు అయితే 21232. ఆస్ట్రేలియా వీసాలకు వాడే పట్టికలో ఆరంకెలు, అక్కడ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు 261313. బ్రిటన్‌వారు పొదుపరులు కనుక 2134 అని నాలుగంకెలతో సరిపెట్టుకున్నారు. అమెరికావారికి మధ్యలో ఒక గీత లేకపోతే తోచదేమో, వారి పట్టికలో సాఫ్ట్‌వేర్ డెవలపరు 15-1252. మా వాడు ఈ పట్టికలన్నింటిలోనూ నింజా కోసం వెతికాడు. జంతువులకు శిక్షణనిచ్చేవారు ఉన్నారు, విదూషకుల వంటి కళాకారులు ఉన్నారు, నింజా మాత్రం ఎక్కడా లేడు.

పోనీ, హోదా ఏదైనా చేసే పనే ముఖ్యమని కెనడా నిబంధనలే చెబుతున్నాయి కదా అని అతను ధైర్యం తెచ్చుకుని 21231కీ 21232కీ తేడా చదవడం మొదలుపెట్టాడు. స్థూలంగా చూస్తే మొదటివారు సాఫ్ట్‌వేర్‌కు రూపకల్పన చేస్తారు, రెండోవారు దానికి కోడ్ రాస్తారు. మా వాడు పొద్దున్న రూపకల్పన చేసి, మధ్యాహ్నం కోడ్ రాసి, సాయంత్రం ఆ రెండింటిలో తప్పు దేనిదో తేల్చే సమావేశంలో కూర్చుంటాడు. ఆ మూడో పనికి ఏ దేశమూ నంబరు ఇవ్వలేదు.

ఇంతకీ అతను కెనడానే ఎందుకు పట్టుకున్నాడన్నదానికి పెద్ద కథేమీ లేదు. 2025 మార్చిలో అమెరికా హెచ్-1బీ లాటరీకి నమోదు చేయాలంటే 215 డాలర్లు కట్టి పేరు పంపడానికి అక్కడ ఒక యజమాని ఉండాలి. ఏడాదికి ఇచ్చే 65,000 వీసాల్లోనూ, అమెరికాలో మాస్టర్స్ చదివినవారికి అదనంగా ఇచ్చే 20,000లోనూ తన వంతు ఎంత అని మా వాడు లెక్కలు వేశాడు గానీ, పేరు పంపే యజమానే లేనప్పుడు అది ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్న చందమే. బ్రిటన్‌కూ లైసెన్సు ఉన్న స్పాన్సరు, అంటే అక్కడ ఉద్యోగమిచ్చే సంస్థ, కావాలి. వారిచ్చే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ అనేది చేతితో పట్టుకునే కాగితం కూడా కాదు, కంప్యూటర్లో ఉండే ఒక నంబరు. జర్మనీ నిపుణ ఉద్యోగులకిచ్చే బ్లూకార్డు మాత్రం అతన్ని నిజంగా ఊరించింది. ఐటీ వారికి గత ఏడేళ్లలో మూడేళ్ల అనుభవం ఉంటే పట్టా లేకపోయినా అర్హత ఇస్తామని చెప్పిన ఆ దేశం, 2025కు ఐటీ వంటి కొరత వృత్తుల్లో కనీస వార్షిక వేతనం 43,759 యూరోల 80 సెంట్లు ఉండాలని నిర్ణయించింది. ఆ 80 సెంట్ల నిక్కచ్చితనం చూశాక, తన కాగితాల్లోని నింజాను ఈ దేశం సహించదని అతనికి రూఢి అయిపోయింది. జపాన్‌లో 70 పాయింట్లు వస్తే అత్యున్నత నిపుణుల వీసాకు అర్హత దొరుకుతుంది. చదువుకు పాయింట్లు, జీతానికి పాయింట్లు, వయసుకు పాయింట్లు, జపాన్ భాషకు పాయింట్లు ఉన్నాయి. నింజాలను లోకానికిచ్చిన దేశమే ఆ హోదాకు ఒక్క పాయింటైనా ఇవ్వకపోవడం అన్యాయమని అతను ఇప్పటికీ అంటాడు.

కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే శాశ్వత నివాస పద్ధతికి ముందుగా యజమాని అక్కర్లేదు, 1200 పాయింట్ల పట్టికలో మన స్థానం మనం చూసుకుంటే చాలు. అయితే ఆ పట్టికలో వయసుది ప్రత్యేకమైన వరస. 20 నుంచి 29 ఏళ్ల వరకు అవివాహితులకు 110 పాయింట్లు, 30 రాగానే 105, 31కి 99, అలా దిగుతూ 45 నాటికి సున్నా. పెళ్లయి భాగస్వామితో కలిసి వెళ్లేవారికి ఆ 110 కాస్తా 100 అవుతుంది, తగ్గినదాన్ని భాగస్వామి చదువుతోనూ భాషతోనూ పూడ్చుకోవాలి. వియ్యపు మాటల్లో ఈ సంగతి ఎవరూ ఎందుకు ఎత్తరో తెలియదు. ఇదే మనిషి ఇదే రోజున ఆస్ట్రేలియాకు దరఖాస్తు పెడితే 25 నుంచి 32 ఏళ్ల వరకు 30 పాయింట్లతో నిండు యువకుడు. జర్మనీకి వెళ్లి ఉద్యోగం వెతుక్కోవడానికిచ్చే ఆపర్చునిటీ కార్డు దృష్టిలో 35 దాటేవరకు కుర్రవాడే. జపాన్‌లో మాత్రం 30 నిండగానే 15 పాయింట్లు 10కి పడిపోతాయి. మా వాడికి అప్పటికి 29 నడుస్తోంది, పుట్టినరోజు దగ్గర్లోనే ఉంది.

పాయింట్లు చాలినవారికి కెనడా పంపే ఆహ్వానం వచ్చాక పూర్తి దరఖాస్తు పెట్టడానికి 60 రోజులే గడువు కనుక, ముందే కాగితాలన్నీ సిద్ధం చేసుకున్నాకే ప్రొఫైల్ తెరవాలని అతను నిశ్చయించుకున్నాడు. ముఖ్యమైన కాగితం అనుభవ పత్రం. సంస్థ లెటర్‌హెడ్ మీద హోదా, నిర్వహించిన విధులు, పనిచేసిన కాలం, వారానికి ఎన్ని గంటలు, జీతం ఎంత అన్నవన్నీ రాసి, పై అధికారి గానీ హెచ్ఆర్ అధికారి గానీ పేరు, హోదా వేసి సంతకం చేయాలి. ఈ వివరాలన్నీ పేర్చి అతను ఎంతో మర్యాదగా హెచ్ఆర్ విభాగానికి మెయిల్ పెట్టాడు. అనుభవ పత్రం అనగానే ఆ విభాగానికి తెలిసిన నమూనా ఒక్కటే. అది ఉద్యోగం మానేసినవారికి ఇచ్చేది.

మర్నాడు ఉదయం అతని కార్డుకు తలుపు తెరుచుకోలేదు. నాలుగైదుసార్లు కార్డును తిప్పి, తుడిచి, చొక్కాకు రుద్ది చూసినా ఎర్రదీపమే వెలిగింది. ఈలోగా ఫోనుకు ఒక ఉత్తరం వచ్చింది. "మీరు మా సంస్థలో సీనియర్ కోడ్ నింజాగా పనిచేశారని ధ్రువీకరిస్తున్నాము. మీ భవిష్యత్ ప్రయత్నాలు సఫలం కావాలని కోరుకుంటున్నాము" అన్న రెండు వాక్యాలు అందులో ఉన్నాయి. ఆ ఉత్తరం జారీ కాగానే ఉద్యోగి పేరు కంప్యూటర్లో తనంతట తాను కొట్టివేసుకుపోయే ఏర్పాటు ఒకటి ఉందని, దాన్ని కట్టింది మా వాడి బృందమేనని తర్వాత తెలిసింది. అంత పకడ్బందీగా పనిచేసిన ప్రోగ్రామును అతను అంతకుముందు రాయలేదు. వలస వెళ్లడానికి అనుభవం చూపించమంటే ఉన్న ఉద్యోగమే ఊడింది, కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

రోజూ నమస్కారం పెట్టే కాపలాదారు ఆ రోజు సందర్శకుల పుస్తకం ముందుకు తోశాడు.

"ఇందులో రాయండి సార్. ఎవరిని కలవాలి?"

"నా సీటును."

"సీటు పేరు రాస్తే ఒప్పుకోరు సార్, మనిషి పేరు కావాలి."

మా వాడు తన మేనేజరు పేరు రాశాడు. పక్కనే వృత్తి అన్న గడి కనిపించింది. ఒక్క క్షణం ఆలోచించి అందులో 21231 అని రాశాడు. కాపలాదారు దాన్ని ఫోను నంబరు అనుకుని, అంకెలు తక్కువయ్యాయని చెప్పాడు.

రద్దయిన ఉద్యోగం సాయంత్రానికి తిరిగి వచ్చింది గానీ ఉత్తరం రాలేదు. విధులు రాయమన్నారు కదా అని హెచ్ఆర్‌వారు రెండోసారి చాలా శ్రద్ధ తీసుకుని, ఆరేళ్ల కిందటి ఉద్యోగ ప్రకటనను తవ్వి తీసి, అందులోని అంశాలను యథాతథంగా ఉత్తరంలోకి ఎక్కించారు. ఆ ప్రకారం మా వాడు ప్రతి సవాలునూ పండగలా జరుపుకుంటాడు, నిద్రలో కూడా కోడ్ గురించే ఆలోచిస్తాడు, గడువులను చూసి నవ్వుతాడు. వీటిలో మూడోది నిజమే అయినా 21231 విధుల్లో అది లేదు. మంచి ఉద్యోగిని ఆకర్షించడానికి రాసే భాషకూ, ఒక వలస అధికారిని ఒప్పించడానికి రాసే భాషకూ మధ్య ఇంత దూరం ఉంటుందని తెలుసుకోవాల్సిన అవసరం ఆ సంస్థలో ఎవరికీ ఎప్పుడూ పడలేదు.

మూడో ఉత్తరంలో విధులు చక్కగా కుదిరాయి. అవసరాల విశ్లేషణ, రూపకల్పన, పరీక్షలు, నిర్వహణ అన్నీ ఉన్నాయి. కెనడా పట్టికలోని వాక్యాలను యథాతథంగా ఎత్తిరాస్తే అధికారులు అనుమానిస్తారని మా వాడు ముందే హెచ్చరించడంతో వాటిని సొంత మాటల్లో రాశారు కూడా. అతను సంబరంగా చివరి పేరాకు వచ్చేసరికి "నెలకు 40 గంటలు పనిచేస్తారు" అని కనబడింది. వారం అని ఉండాల్సిన చోట నెల అని పడింది. కెనడా లెక్కలో వారానికి 30 గంటల చొప్పున 1,560 గంటలైతే ఒక ఏడాది పూర్తికాల అనుభవం. నెలకు 40 గంటలంటే ఏడాదికి 480, ఆరేళ్లకు 2,880. అంటే రాత్రనక పగలనక కీబోర్డు అరగదీసిన మనిషి ఆరేళ్ల అనుభవం ఒక్క మాటతో రెండేళ్లకు లోపే తేలింది. కెనడా బయట గడించిన అనుభవానికి పూర్తి పాయింట్లు రావాలంటే మూడేళ్లు ఉండాలి.

"ఒక్క మాటే కదా సార్, వాళ్లు అర్థం చేసుకుంటారులెండి" అని హెచ్ఆర్‌వారు సముదాయించబోయారు. 80 సెంట్లను కూడా వదలని లోకంలో వారాన్ని ఎవరు వదులుతారని మా వాడు వాదించాడు. సరిచేసిన ప్రతికి సంతకం చేయాల్సిన అధికారిణి సెలవులో ఉన్నారు. ఆమె వచ్చేలోపు అతని పుట్టినరోజు వచ్చింది. కార్యాలయమంతా చుట్టూ చేరి పాట పాడి చప్పట్లు కొడుతుంటే, అతను 105 అని గొణుక్కోవడం పక్కనే నిలబడ్డ నాకు వినిపించింది. నింజా లీడ్ దాన్ని అతని ఆయుష్షు గురించిన కోరిక అనుకుని, తప్పకుండా బతుకుతారని భుజం తట్టాడు.

చివరికి నాలుగో ఉత్తరం వచ్చింది. విధులు సరి, వారం సరి, జీతం సరి. కింద నీలిరంగు సిరాతో ముచ్చటైన సంతకం, దాని కింద అధికారిణి పేరు, పేరు కింద హోదా, చీఫ్ హ్యాపీనెస్ ఆఫీసర్. మా వాడు ఆ వరసను చాలాసేపు చూశాడు. ఆ హోదాను మార్చి రాయమని అడగడానికి వీల్లేదు, ఆమె నియామక పత్రంలోనూ అదే ఉంది.

ఇటువంటి సందర్భాలకే దరఖాస్తుతో పాటు ఒక వివరణ లేఖ జతచేసే వీలుంది. మా వాడు ఆ లేఖను రాత్రంతా కూర్చుని రాశాడు. తమ సంస్థలో సీనియర్ కోడ్ నింజా అనగా సాఫ్ట్‌వేర్ ఇంజినీరు అనీ, సదరు వ్యక్తికి ఆయుధాలతో గానీ రహస్య సంచారంతో గానీ ఎటువంటి సంబంధమూ లేదనీ, చీఫ్ హ్యాపీనెస్ ఆఫీసర్ అనగా మానవ వనరుల అధికారి అనీ, ఆమె సంతకానికి సంతోషంతో నిమిత్తం లేకుండా చట్టబద్ధమైన విలువ ఉందనీ అందులో వివరించాడు. ఆయుధాల వాక్యం లేనిపోని అనుమానాలు పుట్టిస్తుందని చెప్పి నేనే కొట్టివేయించాను. మిగిలిన లేఖను సంస్థ తరఫున ధ్రువీకరించమని అతను ఆ అధికారిణి దగ్గరకు తీసుకువెళ్లాడు. ఆవిడ మొదటి నుంచి చివరి వరకు శ్రద్ధగా చదివి, సంతకం చేసి, తలుపు దగ్గరగా వేసి, దాని నకలు ఒకటి తనకు కూడా కావాలని అడిగారు. జర్మనీ ఆపర్చునిటీ కార్డుకు ఆవిడ కూడా దరఖాస్తు పెట్టుకుంటున్నారట.