అద్దం మీద కదలని చుక్క

2025 జూలై 9 రాత్రి పదకొండు దాటాక కావలి నుంచి మా అక్క ఫోన్ చేసింది. "వాడు ఫోన్ ఎత్తడం లేదురా. ఆడ రెండు విమానాలు గుద్దుకున్నాయంట, మన ఇండియా పిల్లోడు పోయాడంట" అని ఒకటే ఏడుపు. మా మేనల్లుడు కెనడాలో పైలట్ శిక్షణ తీసుకుంటున్నాడు. ప్రమాదం జరిగింది మానిటోబా రాష్ట్రంలో, స్టైన్‌బాక్ అనే ఊరి దగ్గర. వీడుండేది కాల్గరీ వైపు, అక్కడికి వెయ్యి కిలోమీటర్ల పైమాటే. ఆ సంగతి నాకూ తెలుసు, అక్కకూ తెలుసు, అయినా వాడి గొంతు వినేదాకా ఇద్దరికీ కాలూ చెయ్యీ ఆడలేదు. గంట తర్వాత వాడే చేశాడు. ఎగరడానికి వెళ్లేముందు ఫోన్ లాకర్లో పెట్టి వెళ్లాడట. వార్త అప్పటికే వాడికి తెలుసు. కాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి, "సర్క్యూట్‌లో అంట మామా" అన్నాడు. ఆ ఒక్క మాటలో వాడికి అర్థమైనదంతా నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది.

ముందు జరిగింది చెప్పుకుందాం. జూలై 8 ఉదయం ఒకే ఫ్లయింగ్ స్కూల్‌కు చెందిన రెండు చిన్న సెస్నా విమానాలు, ఒకటి 152 మోడల్, ఇంకొకటి 172 మోడల్, రన్‌వేకు కొన్ని వందల మీటర్ల దూరంలో గాల్లోనే ఢీకొన్నాయి. ఒక్కో దాంట్లో ఒక్కొక్కరే ఉన్నారు. ఒకరు కేరళ నుంచి వెళ్లిన కుర్రాడు, ఇంకొకరు కెనడా అమ్మాయి. ఇద్దరికీ పాతికేళ్లు కూడా నిండలేదు. పైకి లేవడం, చుట్టు తిరిగి వచ్చి దిగడం, మళ్లీ లేవడం, ఇదే సాధన చేస్తున్నారు. ఇద్దరూ దాదాపు ఒకే సమయంలో దిగడానికి వచ్చారనీ, ఒకరినొకరు చూసుకున్నట్టు లేదనీ స్కూల్ అధిపతి చెప్పారు. రెండింటిలోనూ రేడియోలున్నాయి. అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం కూలి 260 మంది పోయి అప్పటికి నెల కూడా కాలేదు, అందుకే మన ఇళ్లలో విమానం అన్న మాట వింటేనే గుండె జారిపోయే రోజులవి.

మర్నాడు నెల్లూరులో, వీఆర్సీ సెంటర్ దగ్గర టీ తాగుతుంటే పక్కన నలుగురు ఇదే మాట్లాడుకుంటున్నారు. తప్పు ఎవరిది, ఆ అబ్బాయిదా, ఆ అమ్మాయిదా. "అంత పెద్ద ఆకాశంలో ఇంకో విమానం కనపడకుండా ఎట్టా పోద్ది, ఫోన్ చూసుకుంటా ఉండుంటారు" అన్నాడొకాయన. నాకు ఒళ్లు మండింది. ఆయన మీద కూడా కాదు, ఎందుకంటే రెండు రోజుల ముందు అడిగుంటే నేనూ ఇంచుమించు అదే అనేవాణ్ని. కనపడకుండా ఎలా పోతుంది అన్న ప్రశ్నకు నిజంగానే జవాబుంది. అది తెలిస్తే పోయిన పిల్లల్ని ఎవరూ ఒక్క మాట అనరు.

సర్క్యూట్ అంటే రన్‌వే చుట్టూ గాల్లో ఉండే దీర్ఘచతురస్రం లాంటి దారి. విమానం లేచి, పక్కకు తిరిగి, నేల నుంచి సుమారు 1000 అడుగుల ఎత్తులో రన్‌వేకు సమాంతరంగా వెనక్కి వస్తుంది, దీన్ని డౌన్‌విండ్ అంటారు. తర్వాత బేస్ అనే మలుపు, ఆ తర్వాత రన్‌వేకు ఎదురుగా వచ్చే ఫైనల్. నేర్చుకునేవాళ్లు గంటకు ఆరేడు సార్లు ఈ చుట్టు కొడతారు. టీ కొట్టు దగ్గర ఆయన అన్న పెద్ద ఆకాశం ఇక్కడ లేదు. నాలుగైదు విమానాలు ఒకే సన్నటి దారిలో, ఒకే ఎత్తులో, ఒకే చోట దిగడానికి వస్తుంటాయి. మన రంగనాథస్వామి తేరు రోజున ఊరంతా ఒక్క వీధిలోకి వచ్చినట్టు, ఆకాశమంతా ఖాళీగా ఉన్నా విమానాలన్నీ చేరేది ఆ ఒక్క ఫైనల్‌లోకే. గాల్లో ఢీకొనే ప్రమాదాల్లో ఎక్కువ భాగం మబ్బుల్లోనో రాత్రిపూటో జరగవు. పట్టపగలు, వాతావరణం బాగున్నప్పుడు, విమానాశ్రయానికి దగ్గర్లోనే జరుగుతాయి.

ఇక కళ్ల సంగతి. దీన్ని నాకు బాగా అర్థమయ్యేలా చెప్పింది పైలట్ కాదు, జువ్వలదిన్నె వైపు బోటు మీద వేటకెళ్లే ఒక పెద్దాయన. "అవతల బోటు మన కంటికి ముందుకో వెనక్కో జరగతా ఉంటే భయం లేదు సామీ. జరక్కుండా ఉన్నచోటనే ఉండి పెద్దదవతా ఉంటే అది మన మీదకొస్తా ఉన్నట్టు" అన్నాడు. ఆకాశంలోనూ సరిగ్గా ఇదే లెక్క. ఢీకొనే దారిలో ఉన్న విమానం పైలట్ ముందున్న అద్దం మీద కదలదు, ఒక చుక్కలా ఒకేచోట అతుక్కుని ఉంటుంది. మనిషి కన్ను కదిలేదాన్ని ఇట్టే పట్టేస్తుంది, కదలని చుక్కను వదిలేస్తుంది. చాలాసేపు చుక్కగానే ఉండి, చివరి కొన్ని క్షణాల్లో మాత్రం ఒక్కసారిగా అద్దమంతా నిండిపోతుంది. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ పైలట్లకు ఇచ్చే సూచనల్లో ఒక లెక్క ఉంది: కంటికి కనపడిన దగ్గర్నుంచి, అది విమానమని గుర్తుపట్టి, మన మీదకే వస్తోందని గ్రహించి, ఎటు తిప్పాలో నిర్ణయించుకుని, చెయ్యి కదిలి, విమానం పక్కకు తిరగడానికి మొత్తం 12.5 సెకన్లు పడుతుంది. అందులో 5 సెకన్లు మన మీదకే వస్తోందని గ్రహించడానికే పోతాయి. ఆ వ్యవధి ఉంటేగా.

పైగా సెస్నాకు రెక్కలు పైలట్ తల పైన ఉంటాయి. కిందకు బాగా కనపడుతుంది, పైన ఏముందో రెక్క కప్పేస్తుంది. మలుపు తిరిగేటప్పుడు ఎటు తిరుగుతున్నామో అటువైపు రెక్క కిందికి వంగి, సరిగ్గా ఎక్కడ చూడాలో అక్కడే అడ్డం పడుతుంది. ముక్కు దగ్గర మాత్రం ఎదురుగా కిందున్నదాన్ని ఇంజన్ కప్పేస్తుంది, అక్కడున్నవాడు కనపడడు. కాబట్టి ఒక సెస్నా కాస్త పైన, ఇంకొకటి కాస్త కింద ఉండి ఇద్దరూ రన్‌వే మీదకే దిగుతుంటే, పైనున్నవాళ్లకు కిందవాళ్లు కనపడకపోవచ్చు, కిందవాళ్లకు పైవాళ్లు కనపడకపోవచ్చు. ఇద్దరూ బుద్ధిగా రన్‌వే వైపే చూస్తుంటారు, అలాగే చూడమని నేర్పారు కూడా. స్టైన్‌బాక్‌లో సరిగ్గా ఇలాగే జరిగిందని నేను చెప్పడం లేదు, అది తేల్చాల్సింది కెనడా రవాణా భద్రతా మండలి. కళ్లున్నాయి కదా అనే మాట ఎంత తేలికైనదో చెబుతున్నానంతే.

మరి రేడియో? చిన్న మైదానాల్లో, ఎవరు ఎప్పుడు దిగాలో కింద నుంచి చెప్పే కంట్రోల్ టవర్ ఉండదు. అందరూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద, నేను ఫలానా చోట ఉన్నాను, దిగుతున్నాను అని చెప్పుకోవాలి, మిగతావాళ్లు విని మనసులో బొమ్మ గీసుకోవాలి. ఇద్దరు ఒకే క్షణంలో బటన్ నొక్కితే ఇద్దరి మాటా పోతుంది, వినేవాళ్లకు కీచుమనే శబ్దం తప్ప ఏమీ వినపడదు. పది, పన్నెండు గంటల అనుభవంతో మొదటిసారి ఒంటరిగా వెళ్లిన ఏ కుర్రాడైనా వేగం చూసుకోవాలి, ఎత్తు చూసుకోవాలి, ఫ్లాప్స్ అనే రెక్కల వెనక పలకలు దించాలి, మాట్లాడాలి, వినాలి. 2022 ఆగస్టులో అమెరికాలోని వాట్సన్‌విల్‌లో ఒక పెద్ద ట్విన్ ఇంజన్ విమానం, ఒక సెస్నా 152 దిగబోతూ ఢీకొని ముగ్గురు చనిపోయారు. వాళ్లు రేడియోలో మాట్లాడుకుంటూనే ఉన్నారు. దానికి నెల ముందు నార్త్ లాస్ వేగాస్‌లో టవర్ ఉన్న విమానాశ్రయంలోనే రెండు విమానాలు ఢీకొని నలుగురు పోయారు. కళ్లూ, రేడియో, టవర్, వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా సరిపోదు.

ఇక్కడే నా అభ్యంతరం. పెద్ద విమానాల విషయంలో ఈ పాఠం ఎప్పుడో నేర్చుకున్నాం. 1996 నవంబర్ 12న హర్యానాలో చర్ఖీ దాద్రీ మీద సౌదీ, కజక్ విమానాలు ఢీకొని 349 మంది చనిపోయాక, ఢీకొనే ముప్పును ముందే హెచ్చరించే పరికరం పెద్ద విమానాల్లో మన దేశం తప్పనిసరి చేసింది. ఇవాళ హైదరాబాద్ నుంచి తిరుపతి వెళ్లే విమానంలో మనకు ఆ కాపలా ఉంది. అదే విమానం నడపడం నేర్చుకోవడానికి వెళ్లిన పిల్లలకు చాలా చోట్ల లేదు. అంత ఖరీదైనది చిన్న విమానానికి పెట్టలేకపోవచ్చు, ఒప్పుకుంటాను. కానీ ఏడీఎస్-బీ అనే పద్ధతి వచ్చి చాలా ఏళ్లయింది. విమానం తానెక్కడుందో తనే ప్రసారం చేస్తుంది, పక్క విమానంలో చిన్న రిసీవర్, ఒక టాబ్లెట్ ఉంటే అది చుక్కలా కనపడుతుంది. అమెరికా 2020 జనవరి నుంచి రద్దీ గగనతలంలో దీన్ని తప్పనిసరి చేసింది. ఒక స్కూల్ తన విమానాలన్నింటికీ ఇది పెట్టుకుంటే, కనీసం తమ పిల్లలు ఒకరినొకరు గుద్దుకోకుండా ఇంకో కాపలా దొరుకుతుంది. ఒక విద్యార్థి కట్టే ఫీజుతో పోల్చి చూస్తే ఆ రిసీవర్ ఖర్చు చాలా చిన్నది. చట్టం అడగలేదు కాబట్టి పెట్టలేదు అనడం నాకు మింగుడు పడదు.

ఫీజు అంటే గుర్తొచ్చింది. మన జిల్లాల నుంచి ఈ చదువుకు వెళ్లే పిల్లల ఇళ్లు నాకు కొన్ని తెలుసు. ఒకాయన విడవలూరు దగ్గర రొయ్యల గుంటలు తాకట్టు పెట్టాడు. మా బావ రెండెకరాల మాగాణి అమ్మాడు. కమర్షియల్ లైసెన్స్‌కు 200 గంటలు ఎగరాలి, గంటకింత అని లెక్క. మేం అడిగిన ప్రశ్నలేంటో ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది: తిండి ఎలా ఉంటుంది, ఎన్ని నెలల్లో 200 గంటలు పూర్తవుతాయి, ఇక్కడికొస్తే ఉద్యోగం వస్తుందా. ఒకేసారి సర్క్యూట్‌లో ఎన్ని విమానాలు పంపుతారు, పక్క విమానాన్ని చూపించే పరికరం ఉందా, సోలో, అంటే ఒంటరిగా, వెళ్లినప్పుడు కింద నుంచి రేడియో పట్టుకుని చూసే ఇన్‌స్ట్రక్టర్ ఉంటాడా అని ఒక్కరం కూడా అడగలేదు. అడగాలని తెలీదు. పైగా నెలలు త్వరగా పూర్తవ్వాలని ఒత్తిడి పెట్టింది మేమే. రోజుకి ఎక్కువ గంటలు ఎగరాలంటే గాల్లో ఎక్కువ విమానాలుండాలి కదా.

దొనకొండలో బ్రిటిష్ వాళ్ల కాలం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఉంది, దగదర్తిలో విమానాశ్రయం మాట ఏళ్లుగా వింటున్నాం. రేపు మన వైపు కూడా ఒక ఫ్లయింగ్ స్కూల్ రావచ్చు, రావాలనే నా కోరిక. వచ్చినప్పుడు ఎన్ని ఎకరాలు, ఎన్ని ఉద్యోగాలు అనేవాటితో పాటు ఈ ప్రశ్నలూ మన నోట రావాలి. 2022 ఫిబ్రవరిలో నల్గొండ జిల్లాలో సోలోకు వెళ్లిన ఒక అమ్మాయి సెస్నా 152 కూలి పొలాల్లో చనిపోయింది. అది ఢీకొన్న ప్రమాదం కాదు, కానీ అక్కడా కాక్‌పిట్‌లో ఉన్నది నేర్చుకుంటున్న పిల్లే.

స్టైన్‌బాక్ తర్వాత వారం రోజులు మేనల్లుడు రోజూ ఫోన్ చేశాడు. వాళ్ల స్కూల్లో ప్రమాదం జరగలేదు, ఆ ఇద్దరూ వీళ్లకెవరికీ పరిచయం లేదు, అయినా విమానాలు పెట్టే హ్యాంగర్‌లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదట. ఇన్‌స్ట్రక్టర్లు బోర్డు మీద సర్క్యూట్ బొమ్మ గీసి, ఇక్కడ ఒకరు, ఇక్కడ ఒకరు, రెక్క ఇలా అడ్డం వచ్చుంటే అని గంటలకొద్దీ మాట్లాడారట. పిల్లలు పోయి ఒక్కరోజు కాలేదు, అప్పుడే లెక్కలేంటి అనిపించింది నాకు. తర్వాత ఆలోచిస్తే, మన ఊళ్లో చావు ఇంటికి వెళ్లిన ప్రతి మనిషీ మొదట అడిగేది "ఎట్టా జరిగింది" అనే కదా. ఆ ఇంటివాళ్లు ఇరవైసార్లు అదే చెబుతారు, చెప్పి ఏడుస్తారు. ఆ హ్యాంగర్‌లో వాళ్లదీ అదే ఏడుపు. తేడా ఒక్కటే, రేపు ఉదయం అదే సీట్లో తాము కూర్చోవాలి. పైలట్లు తమలో ఒకరు పోతే పడమటికి వెళ్లాడు అంటారట. మనం యముడి దిక్కు దక్షిణం అంటాం, వాళ్లు పొద్దు వాలే దిక్కు చెబుతారు.

విమాన ప్రమాదాల దర్యాప్తుకు అంతర్జాతీయంగా ఒక సూత్రం ఉంది, ఐక్యరాజ్యసమితి విమానయాన సంస్థ ఐసీఏఓ ఒప్పందం 13వ అనుబంధంలో రాసుంది: దర్యాప్తు చేసేది ఇంకో ప్రమాదం జరగకుండా ఆపడానికే, నింద ఎవరిదో తేల్చడానికి కాదు. మన చానళ్లు అహ్మదాబాద్ విషయంలో ఎంత తొందరపడ్డాయో చూశాం. చనిపోయిన పైలట్ తిరిగి మాట్లాడలేడు, అందుకే నింద వేయడం సులువు. ఇరవై ఏళ్ల విద్యార్థి మీద వేయడం ఇంకా సులువు. పిల్లలు చూసుకోలేదు అని ఫైలు మూసేస్తే రిసీవర్ ఎవరూ కొనక్కర్లేదు, సర్క్యూట్‌లో విమానాల సంఖ్య ఎవరూ తగ్గించక్కర్లేదు.

మా వాడు వాళ్ల చీఫ్ ఇన్‌స్ట్రక్టర్‌ని ఈ ప్రశ్నలన్నీ అడిగాడు. కొన్నిటికి జవాబు వచ్చింది, కొన్నిటికి చూద్దాం అన్నారు. తర్వాతి వారం మళ్లీ సోలో వెళ్లాడు. దిగగానే అక్కకు ఫోన్ చేశాడు, నేను పక్కనే ఉన్నాను. "ఇంకో విమానం ఉన్నిందా నాయనా పైన?" అని అడిగింది.

"రెండున్నాయి అమ్మా. ఒకటి కనపడింది. ఇంకోటి కనపళ్లేదు, రేడియోలో అడిగి, ఎక్కడుందో చెప్పేదాకా బేస్ తిరగలేదు."