బీరువాలో కొలువున్న రిజిస్టరు గారికి

ఊరి మొక్కలనూ జీవాలనూ, వాటి గురించి జనానికి తెలిసినదాన్నీ తమలో రాసుకున్న మహారాజశ్రీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు గారి సముఖానికి,

ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో, జయపురం దగ్గరి సంతలో కరక్కాయలూ నేలవేమూ కొనుక్కుని బతికే తెలుగు వ్యాపారి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. పోయిన వేసవిలో ఒక్కసారి మీ దర్శనమైంది. ఆ తర్వాత బీరువా తాళంచెవి బదిలీ అయిన ఉద్యోగితో పాటు వెళ్లిపోయింది. కనుక పాత ఓటర్ల జాబితాల కింద మీరు చల్లగా ఉన్నారనే తలుస్తాను.

మీ పుట్టుక నాకు బాగా గుర్తుంది. జీవవైవిధ్య చట్టం 2002 నాటిది. ఊరూరా మీవంటి వారిని 2020 జనవరి 31 లోగా సిద్ధం చేయాలనీ, లేకపోతే రాష్ట్రాలు నెలకు పది లక్షలు కట్టాలనీ జాతీయ హరిత ట్రిబ్యునల్ గట్టిగా చెప్పాక మీరు పుట్టే ఘడియలు దగ్గరపడ్డాయి. ఒక అబ్బాయి మోటారు సైకిలు మీద వచ్చి రావిచెట్టు కింద రెండు గంటలు కూర్చున్నాడు. టీ కూడా తాగలేదు. పొరుగింటి పరజా తెగ అవ్వ సొరకాయ బుర్రలో బూడిద కలిపి దాచిన కాలాజీరా వరి విత్తనం తెచ్చి అరచేతిలో పోసి చూపించింది. నల్లగా, జీలకర్ర కంటే కాస్త లావు. అతను దాన్ని ఫోటో తీసుకుని, శాస్త్రీయ నామం ఏమిటని ఆమెనే అడిగాడు!

తీరా చదివితే మీ జలచరాల పేజీలో ఉప్పుటేటి పీతలూ రొయ్యలూ ఉన్నాయి. మా ఊరివాళ్లు సముద్రం చూడాలంటే కనుమలు దిగి విశాఖపట్నం వెళ్లాలి. ఏ కోస్తా ఊరి రిజిస్టరులోంచి ఈదుకుంటూ వచ్చాయో పాపం, చాలా దూరమే ఎక్కాయి.

మిమ్మల్ని తయారుచేయించే ఊరి జీవవైవిధ్య కమిటీ విషయంలో మాత్రం వంక పెట్టలేను. అధ్యక్షుడు కాక ఆరుగురు సభ్యులు, మూడోవంతుకు తగ్గకుండా మహిళలు అన్నది అప్పటి నియమం. తు.చ. తప్పలేదు. ఇద్దరు మహిళల్లో ఒకరు మా ఆవిడ. ఆ సంగతి మీలోనే చదివి, ఇంటికి వెళ్లి అభినందించాను. దేనికని అడిగింది. వనరులు కొనుక్కుపోయే వ్యాపారి దగ్గర కమిటీ రుసుము వసూలు చేయవచ్చని చట్టంలోనే ఉంది. ఆ లెక్కన నేను పెళ్లినాటి నుంచీ కడుతూనే ఉన్నాను.

ఇక అసలు విషయం, మా మొక్కలతో సరుకు చేసి అమ్మే కంపెనీ మాకివ్వాల్సిన వాటా. 2014 నాటి మార్గదర్శకాల ప్రకారం కంపెనీ వంద రూపాయల సరుకు అమ్మితే పది పైసల నుంచి అర్ధరూపాయి దాకా పంచాల్సి ఉండేది. పది పైసల నాణేన్ని 2011లోనే చలామణీ నుంచి తీసేశారు. మా దాకా రాకపోవడానికి కారణం అదే కాబోలు.

2023లో చట్టాన్ని సవరించి ఆ కాస్త చిల్లర బెడద కూడా తగ్గించారు. ప్రామాణిక గ్రంథాలకెక్కిన సంప్రదాయ విజ్ఞానాన్ని వాడుకునేవారు వాటా ఇవ్వనక్కర్లేదన్నారు. తప్పు చేస్తే అయిదేళ్ల దాకా జైలు అన్న మాట తీసేసి జరిమానాతో సరిపెట్టారు. మా నేలవేము భూనింబమనే పేరుతో ఎప్పుడో ఆయుర్వేదానికెక్కింది. అందుచేత సీసాలోని కషాయం గ్రంథంలోంచి వచ్చినట్టు లెక్క, అవ్వ ఒడిలోంచి వచ్చినట్టు కాదు. నేను ఇన్నేళ్లుగా సంతలో కూర్చుంటున్నాను, ఒక్క గ్రంథమైనా కొండెక్కి ఆకు కోసుకురావడం చూడలేదు.

కీర్తికి మాత్రం మాకు లోటు లేదు. కొరాపుట్ సేద్యాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వమని 2012లో గుర్తించారు. వందకు పైగా దేశవాళీ వరి రకాలు కాపాడిన కమలా పూజారికి 2019లో పద్మశ్రీ ఇచ్చారు. కాలాజీరాకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ వార్త అవ్వకు చదివి వినిపిస్తే, బుర్ర మూత బిగించి అటక మీద పెట్టేసింది.

ఒక రహస్యం మీకు చెప్పక తప్పదు. మీ ఔషధ మొక్కల పేజీలో నేలవేము ఎదురుగా 'జ్వరానికి కషాయం' అని ఉంది. మొన్న అవ్వను అడిగాను, ఆ రోజు అన్నీ చెప్పావా అని. నవ్వింది. సగమే చెప్పిందట. ఎప్పుడు కోయాలో, నీడన ఎన్నాళ్లు ఆరబెట్టాలో, దాంట్లో ఇంకేం కలపాలో చెప్పలేదట.

"టీ కూడా తాగని పిల్లాడికి అంతకంటే ఎందుకు?" అంది.

మిగతా సగం నాకూ చెప్పలేదు. ఆమె దగ్గర నేలవేము ముప్పై ఏళ్లుగా కొంటున్నాను, తూకంలో ఎప్పుడూ రాయి నాదే.

తాళంచెవి దొరికితే పీతలను కొట్టివేయించడానికి వస్తాను. ఈలోగా చెదలు జాగ్రత్త.

ఇట్లు,
తమ కమిటీ సభ్యురాలి భర్త