ఇసుకలో అక్షరాలు దిద్దించే తల్లికి చదువు రాదందామా?

సహారా ఎడారిలో సంచార జాతి అయిన టువారెగ్‌లలో తల్లి తన పిల్లలకు అక్షరాలు నేర్పాలంటే పలకా బలపం అక్కర్లేదు. గుడారం ముందు ఇసుక చదును చేసి వేలితో గీస్తుంది. నిలువు గీత ఒకటైతే 'న', రెండైతే 'ల'. సున్నా చుడితే 'ర', మధ్యలో చుక్క పెడితే 'స'. ఈ లిపి పేరు టిఫినాగ్. ఉత్తర ఆఫ్రికాలో రెండు వేల ఏళ్ల కిందటే రాళ్లపై చెక్కిన రాతల వారసత్వం. అయినా అక్షరాస్యత తెస్తామని బయటి నుంచి వచ్చేవాళ్ల కంటికి ఆమె చదువురాని మనిషే. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్లో గోండి లిపి రాతప్రతులు వెలుగులోకి వచ్చేదాకా మనమూ గోండుల విషయంలో ఇలాగే అనుకున్నాం కదా.

నైజర్, మాలి, అల్జీరియా, లిబియా, బుర్కినా ఫాసోల్లో చెదిరి ఉన్న టువారెగ్‌లు ముస్లింలు. వాళ్ల దగ్గర ఒక్కో లిపికి ఒక్కో యజమాని. అరబిక్ లిపి ఖురాన్‌ది, మతపెద్దలది. లాటిన్ లిపి ఫ్రెంచి బడిది, ఆఫీసుది, తర్వాత క్రైస్తవ మిషన్‌ది కూడా. టిఫినాగ్ ఒక్కటే ఏ మతానిదీ కాదు. ప్రేమలేఖలకు, నగల మీద పేర్లకు వాడుకునే ఇంటి లిపి అది.

దానికో చిక్కుంది. పాత టిఫినాగ్‌లో పదం చివర తప్ప అచ్చులు రాయరు. మన 'కల', 'కాలు', 'కూలి', 'కోలు' అన్నీ దాదాపు ఒకేలా రాస్తే ఎలా ఉంటుందో ఊహించండి. భాష బాగా తెలిసినవాళ్లే చదవగలరు. పెద్ద పుస్తకాలకు లాటిన్ లిపి సులువనిపించడంలో తప్పులేదు. కానీ ఆ లిపితోనే బడి భయం కూడా వస్తుంది. ఫ్రెంచి పాలనలో పిల్లల్ని బడికి పంపమంటే చాలామంది దొరల కుటుంబాలవారు తమ పిల్లల్ని దాచి, బానిసల పిల్లల్ని పంపారు. మాలి, నైజర్‌లకు 1960లో స్వాతంత్ర్యం వచ్చేసరికి సర్కారు ఉద్యోగాల్లో టువారెగ్‌లు బాగా వెనకబడిపోయారు. తర్వాతి తిరుగుబాట్ల వెనక ఆ వెలితి కూడా ఉంది.

ఇక మిషన్ సంగతి. మాజీ సైనికాధికారి, కాథలిక్ పూజారి షార్ల్ ద ఫుకో 1905లో అల్జీరియాలోని తమన్రాసెత్‌లో స్థిరపడ్డారు. 1908 కరువులో ఆయన మంచాన పడితే, టువారెగ్‌లే వెతికి మేకపాలు తెచ్చి బతికించారు. ఆయన వాళ్ల పాటలు వేల పంక్తులు రాసుకున్నారు. పెద్ద నిఘంటువు తయారుచేశారు. 1916 డిసెంబర్ 1న హత్యకు గురయ్యాక, ఆ నిఘంటువు 1951-52లో ఆయన చేతిరాతలోనే నాలుగు సంపుటాలుగా అచ్చయింది. మతం మారినవాళ్లు దాదాపు లేరు. ఆయన ఫ్రెంచి పాలనకు గట్టి మద్దతుదారు, సైనికాధికారులకు సమాచారం రాసేవారు. 2022లో పునీతుడిగా ప్రకటించినంత మాత్రాన అది మరుగున పడకూడదు. అయినా నాకు ఆ నిఘంటువే విలువైనదిగా కనిపిస్తుంది. బోధించడానికి వచ్చిన మనిషి పదేళ్లకు పైగా కూర్చుని వినడం చిన్న విషయం కాదు.

ఆ ఓపిక తర్వాతి మిషన్ పనుల్లో ఎంత ఉందన్నదే నా ప్రశ్న. 1970ల తొలినాళ్లలో, మళ్లీ 1984-85లో కరువులకు మందలు చచ్చిపోయాయి. సంచార కుటుంబాలు పట్టణాల అంచులకు చేరాయి. సాయం చేసినవాళ్లలో క్రైస్తవ సంస్థలూ ఉన్నాయి, ప్రాణాలు నిలిపాయి. కానీ బియ్యం బస్తా ఇచ్చిన చెయ్యే వాచకం, సువార్త కూడా అందిస్తే, ఆకలితో ఉన్నవాడు వద్దని ఎలా అంటాడు? ఎవరి విశ్వాసం వాళ్లు చెప్పుకోవచ్చు. దాన్ని బువ్వతో ముడిపెట్టకూడదు. పైగా అక్కడ మతం మారాడన్న అనుమానం వచ్చినా, బంధువుల గుడారంలో చోటు పోయే ప్రమాదం ఆ మనిషికే.

చదవడం నేర్చి సువార్త పక్కన పెట్టి, ఖురానో, మేకల మందు సీసా మీది చీటీయో చదువుకునే టువారెగ్ అమ్మాయిని కూడా మిషన్ తన విజయంగా లెక్కించాలి. అలా లెక్కించలేకపోతే అది అక్షరాస్యత కాదు, ప్రచారం. తొలి వాచకంలో ఫుకో విన్నటువంటి పాటలు ఉండాలి, టిఫినాగ్ ఉండాలి. మాలి 2023 రాజ్యాంగం టువారెగ్‌ల భాష తమాషెక్‌తో సహా 13 భాషలకు అధికార హోదా ఇచ్చింది. ఉత్తరాన యుద్ధంతో ఎన్నో బడులు మూతపడ్డాయి. అక్కడ ఇవాళ అందుబాటులో ఉన్న టీచరు ఆ తల్లే. జీతమిచ్చి ఆమెకే పని అప్పగించాలి.