బ్రాకెట్లో ఒకటి

(బల్ల మీద అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద మ్యూజిక్ ప్లేయర్. స్క్రీన్ మీద కంపెనీ లోగో వెలుగుతోంది. అరగంటగా అదే వెలుగుతోంది. భర్త దాని వంక చూస్తున్నాడు. భార్య భర్త వంక చూస్తోంది.)

భార్య: ఏం చేశారు దాన్ని?

భర్త: ఏం చెయ్యలేదు. కంప్యూటర్‌కి తగిలించి ఫర్మ్‌వేర్, అదే దాన్ని నడిపే లోపలి ప్రోగ్రాం, అప్‌డేట్ చేశానంతే.

భార్య: రాత్రి దాకా శుభ్రంగా పాడింది కదండీ!

భర్త: పాత వెర్షన్‌తో పాడింది. 1.3 వచ్చింది. "చిన్న చిన్న లోపాలు సరిచేశాం" అని రాశారు.

భార్య: ఏ లోపాలు?

భర్త: అది రాయలేదు.

భార్య: జబ్బేమిటో తెలియకుండానే మందేశారన్నమాట.

భర్త: మందు సరిగ్గానే దిగుతోంది. 90 శాతం దగ్గర ఎంతకీ కదలకపోతే, ఆగిపోయిందేమో అనుకుని కేబుల్ పీకాను.

భార్య: పీకొద్దని ఎర్రక్షరాలతో అంత పెద్దగా ఉంటుందిగా!

భర్త: నీకెలా తెలుసు?

భార్య: ఎక్కడైనా ఉంటుంది కదా, అందుకని అన్నాను.

భర్త: కంగారుపడకు. పవర్ బటన్ పదిహేను సెకన్లు అదిమి పడితే మళ్లీ లేస్తుంది. (అదిమి పట్టాడు. బొటనవేలి గోరు తెల్లబడింది. స్క్రీన్ ఆరింది. వెలిగింది. లోగో.) చూశావా, లేచింది!

భార్య: లేచి మళ్లీ అక్కడే కూర్చుంది.

భర్త: ఇవి మామూలే. 2008 డిసెంబర్ 31న మైక్రోసాఫ్ట్ వాళ్ల 'జూన్' అనే 30 జీబీ మ్యూజిక్ ప్లేయర్లు ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి తెలుసా? అది లీపు సంవత్సరం. 366వ రోజు లెక్క వాటి ప్రోగ్రాంకి అందలేదు. బ్యాటరీ అయిపోనిచ్చి, మర్నాడు మధ్యాహ్నం దాటాక చార్జింగ్ పెట్టమన్నారు. వాటంతటవే బాగయ్యాయి.

భార్య: అక్కడ తప్పు తేదీది. తేదీ మారింది, బాగైంది. ఇక్కడ తేదీ మారితే మీరు మారతారా?

(భర్త దగ్గాడు. పాపం, ఇంకేం చేస్తాడు!)

భర్త: కార్డు పద్ధతి ఒకటుంది. ఫర్మ్‌వేర్ ఫైల్ మెమరీ కార్డులో వేసి, పవర్ బటనూ వాల్యూమ్ బటనూ కలిపి నొక్కితే అదే ఎక్కించుకుంటుంది. కార్డు మాత్రం ముందు ఖాళీ చేసి, ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చెయ్యాలి.

భార్య: అందులో నా పాటలున్నాయి. ముందు కాపీ తీసి, తర్వాత ముట్టుకోండి.

(కాపీ, ఫార్మాట్, డౌన్‌లోడ్. గంట గడిచింది. ఆ గంటలో పడ్డ మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు.)

భర్త: నొక్కాను. "అప్‌డేట్ డాట్ బిన్ ఫైల్ లేదు" అంటోంది! కళ్లెదురుగా ఉన్నదాన్ని లేదంటే ఎలా?

భార్య: ఫోల్డర్లో పెట్టారా?

భర్త: లేదు, బయటే ఉంది.

భార్య: ఏదీ... ఇదేంటి, పేరు చివర బ్రాకెట్లో ఒకటి?

భర్త: బ్రౌజర్ పెట్టుకుంది. లోపల సరుకు అదే, పేరుకేముంది?

భార్య: ఇంకో పేరు పెట్టి పిలిస్తే మీరు పలుకుతారా?

భర్త: ఈమధ్య ఏ పేరుతో పిలిచినా పలుకుతున్నాగా.

(భార్య నవ్వు ఆపుకుని బ్రాకెట్, ఒకటి, బ్రాకెట్ చెరిపేసింది. కార్డు పెట్టి నొక్కింది. సన్నటి గీత పాకడం మొదలైంది. 90 దగ్గర ఆగింది. భర్త చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది. ఒక్కటి పడింది. చెయ్యి వెనక్కొచ్చింది. గీత కదిలింది.)

భర్త: వచ్చేసింది! మెనూ... అయ్యో, ఇదంతా చైనీస్‌లో ఉందేంటి? ఉండు, ఫోన్ కెమెరా పెట్టి అనువాదం...

భార్య: ఇలా ఇవ్వండి. (చూడకుండానే కిందికి ఐదుసార్లు, లోపలికి, కిందికి రెండుసార్లు నొక్కింది. ఇంగ్లీషు వచ్చింది.)

భర్త: ఇది మాత్రం నీకెలా తెలుసు?

భార్య: రోజూ వాడేది నేను కదా.

భర్త: సరే గానీ, నేను ఒక్కసారే డౌన్‌లోడ్ చేశాను. అదే పేరుతో ఇంకో ఫైలుంటేనే కదా బ్రౌజర్ అలా ఒకటి తగిలించేది?

భార్య: (ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటూ) అది నాదిలెండి. పోయిన నెల మీరు నిద్రపోతుంటే నేనే ఎక్కించాను. ఐదు నిమిషాలు పట్టింది.

భర్త: అంటే రాత్రి దాకా పాడింది కూడా 1.3యేనా?

భార్య: (రెండో చెవిలో కూడా పెట్టుకుని) ఏంటీ? వినపడట్లేదు.