‘హర్ స్టోరీ’ ఆటే కాదనే వాదన నిలవదు

2015 జూన్‌లో విడుదలైన ‘హర్ స్టోరీ’ అనే వీడియో గేమ్ గురించి గేమర్లలో ఇప్పటికీ ఒక వాదన చలామణీలో ఉంది: అది ఆటే కాదు, వీడియోలు చూస్తూ కూర్చోవడమే, ఏ మాట వెతికినా ఐదు వీడియోలే తెరుచుకునే పరిమితి కాలయాపన కోసం పెట్టిన అడ్డంకి, కథను తేల్చకుండా వదిలేశారు, ఆ క్లిప్పులన్నీ యూట్యూబ్‌లో వరుసగా చూస్తే సరిపోతుంది. ఆట నచ్చకపోవడం ఎవరి ఇష్టం వారిది. అయితే ఈ నాలుగు మాటలకూ ఆటలో ఆధారం లేదు.

సామ్ బార్లో రూపొందించిన ఈ ఆటలో మన ముందుండేది పాతకాలపు పోలీసు కంప్యూటర్ తెర ఒక్కటే. భర్త సైమన్ కనిపించడం లేదంటూ 1994లో వచ్చిన ఒక స్త్రీని పోలీసులు ఏడుసార్లు విచారించిన వీడియోలు అందులో 271 ముక్కలుగా ఉంటాయి. ఆమె పలికిన మాటల్లో ఏదో ఒకటి టైపు చేస్తే తప్ప ఏ ముక్కా బయటికి రాదు. మొదట ‘మర్డర్’ అనే మాట సిద్ధంగా ఉంటుంది. ఆపైన ఆమె నోట విన్న పేరునో, వస్తువునో పట్టుకుని ముందుకు సాగవలసింది మనమే. పోలీసుల ప్రశ్నలు వినిపించవు కాబట్టి, ఒక్క మాటతో ఆమె ఊరుకున్న ముక్క దొరికినప్పుడు అది దేనికి జవాబో పోల్చుకునే పని కూడా మనదే.

ఐదు ఫలితాల పరిమితి పైకి కృత్రిమంగా కనిపించే మాట నిజమే గానీ, ఆట మొత్తం నిలబడింది దాని మీదే. ఫలితాలు విచారణ తేదీల క్రమంలో వస్తాయి, మొదటి ఐదే తెరుచుకుంటాయి. ‘సైమన్’ అని వెతికితే ఆ పేరు చాలా ముక్కల్లో ఉందని తెలుస్తుంది, చూడగలిగేవి మాత్రం తొలినాటివే. ఆమె మాట మార్చిన తరువాతి విచారణలు అడుగునే ఉండిపోతాయి. వాటిని చేరాలంటే, మొదట్లో ఆమె పలకకుండా జాగ్రత్తపడి, చివరికి పలికి ఉండగల మాటేదో ఊహించాలి. ఆమె ఏదో దాస్తోందని అనుమానించి, ఆ అనుమానానికి ఒక రూపం ఇచ్చుకున్నవారికే అలాంటి మాట తడుతుంది. పరిమితి తీసేస్తే ఒక్క పేరుతో సగం కథ కుప్పగా వచ్చి పడుతుంది, ఆలోచించే అవసరమే ఉండదు. అదృష్టం కొద్దీ కీలకమైన ముక్క ముందే తగలవచ్చుననే విమర్శ న్యాయమైనదే. ఇంగ్లీషు సంభాషణలు తేలిగ్గా అందని మన ఆటగాళ్లకు ఇది కష్టమన్నదీ ఒప్పుకోవలసిందే. ఇలాంటి అభ్యంతరాలపై చర్చ జరిగితే సంతోషమే.

ముగింపు విషయానికొస్తే, ఆ స్త్రీ ఎవరన్నదానిపై ఆటగాళ్లు రెండుగా చీలిపోయారు. ఇరుపక్షాలూ ఆధారాలు చూపేది వీడియోల నుంచే: చేతి మీది పచ్చబొట్టు, బల్లను వేళ్లతో తట్టే అలవాటు, ఒక విచారణకూ మరొకదానికీ మధ్య తేడా వచ్చే చిన్న వివరాలు. కథను అసంపూర్తిగా వదిలేసి ఉంటే ఇన్ని ఆధారాలు ఏరుకోవడానికి దొరికేవి కావు.

యూట్యూబ్‌లో తేదీల వరుసలో చూసినవారికి ఏం జరిగిందో తెలుస్తుంది. చివరి విచారణలోని ఒక మాట విన్నాక, తొలిరోజు వీడియోను మళ్లీ తెరిచి, అప్పుడు మామూలుగా అనిపించిన, ఆ స్త్రీగా నటించిన వీవా సీఫర్ట్ చిరునవ్వులో అబద్ధాన్ని సొంతంగా పట్టుకునే అవకాశం మాత్రం వారికి ఉండదు. 2015 గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ నటన పురస్కారం ఆమెకు దక్కింది. ఆ నటన ఎంత లోతైనదో ఇలా వెనక్కీ ముందుకీ తిరిగి చూసినప్పుడే పూర్తిగా తెలుస్తుంది.